ఈ దినం నేను తోలను

మా బామ్మర్ది పోయినాడని పుంగనూరు నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఆయన కొడుకు చేసినాడు. "మామా, నాయన లెయ్యలా" అన్నాడు. రాత్రి అన్నం తిని పండుకున్న మనిషి. పండుకున్నట్టే పోయినాడు.

మదనపల్లిలో మా ఇంట్లో ఏడుపు మొదలయింది. నా పెండ్లానికి ఒక్కడే తమ్ముడు. ఆ ఏడుపులోనే ఇంగో మాట లేచింది. మనవరాలికి చెప్పల్లా, వద్దా?

నా కొడుకు కూతురు ఆ పిల్ల. తమిళనాడులో విమానం తోలేది నేర్చుకుంటాండాది. ఆ దినమే ఆఖరి పరీక్ష. ఎక్కడి నుంచో పెద్ద ఆఫీసరు వచ్చి, పక్కన కూసోని, తోలిపిచ్చి చూస్తాడు. అది దాటితే లైసెన్సు. లైసెన్సు ఉంటేనే విమానాల కంపెనీ వాళ్ళు ఉద్యోగానికి పిలిచేది.

"ఎవురూ ఫోన్ చెయ్యద్దండి. పరీక్ష అయినాక సాయంత్రం చెప్దాం. ఒక పూటకి ఏం మునిగిపోతాది?" అన్నాడు నా కొడుకు. అందరూ సరే అన్నారు. నేను అనలా. యాల అనలేదో తెలియాలంటే మా బామ్మర్ది ఎట్లాంటోడో చెప్పల్ల. నాకు సదువు తక్కువ. వచ్చినట్టు రాస్తాండాను, మీరే సర్దుకోండి.

ఆయన బస్సు డ్రైవరు. మదనపల్లి నుంచి కుప్పానికి తోలేవాడు. డ్యూటీ ఉంటే సంగటి సగం కడుపుకే తినేది. "నిండా తింటే రెప్ప బరువు బావా" అనేవాడు. బస్సు ఎక్కేముందు చుట్టూ తిరిగి ఒక్కో చక్రాన్నీ అరచేత్తో తట్టేవాడు, ఎద్దును తట్టినట్టు.

ఒకతూరి ఆ బస్సులోనే నేను కుప్పం పోతాండా. పలమనేరు దాటి అడివి మొదలయినాక బస్సు పక్కకి తీసి ఆపేసినాడు. ఇంజను ఆపి, కిందికి దిగి, మొగం కడుక్కోని వచ్చి నిలబడినాడు.

"ఈ దినం నేను తోలను. మా పాప ఆస్పత్రిలో ఉండాది, నాకు నిద్ర లేదు. కన్ను నిలబడ్లా. ఎనక బస్సొస్తాది, దాంట్లో ఎక్కండి" అన్నాడు.

ఇంగ చూడండి. "ముహూర్తానికి పోవల్లప్పా, నీ నిద్ర కోసం ముహూర్తం ఆగుతాదా?" అని ఒకడు. "నిద్రొస్తే ఇంట్లోనే పండుకోవాల్సింది, స్టీరింగు యాల పట్టుకున్నావు?" అని ఒకాయమ్మ. "గాజులేసుకో పో" అని ఎనక సీటోడు. ముందు సీట్లో నేను, ఆయన సొంత బావని. దిగి పోయి ఆయన చెవిలో చెప్పినా. "రారా, ఎక్కు. పరువు పోతాండాది."

"పరువు పోతే మల్లా తెచ్చుకోవచ్చు బావా. ఈళ్ళని తెచ్చేదెవురు?"

అంత మంది తిడతాంటే చెట్టు కింద నిలబడి తలొంచుకోని ఇన్నాడు. స్టీరింగు మాత్రం ముట్టుకోలా. డిపోలో మెమో ఇచ్చినారు, తీసుకున్నాడు.

కొన్నేండ్ల కింద మనవరాలు ఇంటరు అయినాక పైలట్ అవతానంటే ఇంట్లో నవ్వినారు. "చీపురుపుల్ల మాదిరి ఉండావు, నిన్నే గాలి ఎత్తకపోతాది" అనింది నా పెండ్లాము. ఆయన ఒక్కడే నవ్వలా.

"ఎంత మందిని ఎక్కించుకుంటావమ్మా?"

"నూటెనబై మంది తాతా."

ఆయన ఏళ్ళ మింద లెక్కేసుకున్నాడు. "మూడు బస్సులు నిండా..." అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొగం గుళ్ళో హారతి చూస్తాండే మొగం మాదిరి ఉండాది.

ముందు డాక్టర్ల పరీక్ష. దానికి బెంగుళూరు పోవల్ల. నా కొడుక్కి సెలవు దొరకలా, మా బామ్మర్దీ నేనూ తోడు పోయినాం. పిల్ల ఏడో తరగతిలో బడి ప్రార్థనలో ఒకతూరి కండ్లు తిరిగి పడింది. ఆ సంగతి డాక్టరుతో చెప్పద్దని మేనత్త, అంటే నా కూతురు, నేర్పించి పంపింది. బస్సులో పిల్ల ఆ మాట ఆయనకి చెప్పేసింది.

"చెప్పు. దాస్తే డాక్టరుకేం నష్టమమ్మా? నీ ఎనక కూసునేటోళ్ళకి నష్టం" అన్నాడు.

పిల్ల చెప్పింది. ఇంగ పట్టుకున్నారు. తలకి వైర్లు పెట్టినారు, ఫోటోలు తీసినారు, మల్లా రమ్మన్నారు, ఇంగో డాక్టరు దగ్గరికి పంపినారు. నెలలు పోయినాయి. మా ఇంట్లో ఆయనతో ఎవురూ సరిగ్గా మాట్లాడలా. పిల్ల బతుకులో మన్ను పోసినాడన్నారు. ఆయన అయినా వచ్చేవాడు. అరుగు మింద కూసోని మజ్జిగ తాగి, "ఏమైనా తెలిసిందా?" అని అడిగి, లేదంటే లేచి పోయేవాడు.

ఆఖరికి ఏమీ లేదు, పిల్ల బాగుండాదని రాసిచ్చినారు. ఇల్లంతా ఎగిరింది. "ఇప్పుడు నువ్వు బాగుండావని నీకు తెలిసింది" అన్నాడాయన. అంతే.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు పిల్ల వాళ్ళ స్కూలు సంగతులన్నీ ఆయనకి చెప్తాండాది. పొద్దున్నే తాగినారో లేదో మిషన్లో ఊదల్లంట. విమానం చుట్టూ తిరిగి చేత్తో తాకి చూడల్లంట. "మేం చేసిందీ అదే కదమ్మా" అని ఆయన నవ్వుతాండాడు. అప్పుడు పిల్ల అనింది, "ఇంగో రూలు ఉండాది తాతా. ఒళ్ళు బాగలేకపోయినా, మనసు బాగలేకపోయినా ఎక్కకూడదు. ఎవురూ అడగరు, మనమే చెప్పల్ల."

ఆయన నా పక్క తిరిగినాడు.

"ఇన్నావా బావా?"

అడివిలో జరిగింది ఆ దినానికి ముప్పై ఏండ్ల మాట. ఎప్పుడూ ఎత్తలేదాయన.

ఇదీ ఆయన సంగతి. అట్లాంటోని చావును దాచిపెట్టి ఆ పిల్లను పైకి పంపిస్తారా? నేను ఫోన్ చేసినా. అడ్డమొస్తే నా కొడుకుని తోసేసినా.

"అమ్మా, డ్రైవర్ తాత పోయినాడు."

ఎనక ఇంజను మోత ఇనపడతాండాది.

"నీ ఇష్టమమ్మా. దాచకూడదని చెప్పినా" అన్నాను.

"నేను ఎక్కను తాతా" అనింది.

ఆ ఆఫీసరు దగ్గరికి పోయి, తోటి పిల్లోళ్ళందరి ముందర అదే చెప్పిందంట. ఆ ఆఫీసరు మల్లా ఎప్పుడొస్తాడో తెలీదు. ఇది రాసేప్పటికి ఇంగా రాలా. ఈ లోపల కంపెనీ వాళ్ళు వేరే పిల్లోళ్ళని పిలుచుకున్నారు. నా కొడుకు నాతో మాట్లాడేది మానుకున్నాడు. మానుకోనీ.

మార్కెట్లో టమాటా బుట్టలు నెత్తిన పెట్టుకోని పరిగెత్తే మొగోళ్ళని చూసినాను. ఎన్నికల్లో తొడ కొట్టినోళ్ళని చూసినాను. నాతో కాదు అని నలుగురిలో చెప్పే బలం మటుకు వాళ్ళలో ఎవురి దగ్గరా చూడలా. మా బామ్మర్దికి ఉండింది. అది ఆ పిల్లకి యాడ అంటిందో, ఎప్పుడు అంటిందో నాకు తెలీలా.

పిల్ల రైల్లో కుప్పం వచ్చి, ఆడ బస్సెక్కి, పొద్దు వాలేప్పటికి పుంగనూరు చేరింది. అంతవరకూ శవాన్ని ఎత్తకుండా పెట్టినాం. పొద్దున పరీక్షకి ఏసుకున్న తెల్ల చొక్కా అట్లే ఉండాది, భుజాల మింద పట్టీలతో. వాకిట్లో బెంచీ మింద డ్యూటీ దిగి నేరుగా వచ్చిన డ్రైవర్లు ఖాకీ బట్టల్లో కూసోనుండారు.

"పరీక్ష ఏమయిందమ్మా?" అన్నాడు వాళ్ళల్లో పెద్దాయన. మా బామ్మర్ది ఊరంతా చెప్పుకున్నాడు కదా.

"ఎక్కలా పెద్దాయనా. మనసు బాగలేదని చెప్పి వచ్చేసినా."

లోపలికి పోయి, ఆయన కాళ్ళకాడ శానాసేపు నిలబడి, బయటికి వచ్చింది. ఆడోళ్ళు పిలుస్తాండారు, పోలా. యాడ కూసోవల్లో తెలీనట్టు వాకిట్లో నిలబడింది.

"జరగప్పా. జరుగు" అన్నాడు పెద్దాయన.

డ్రైవర్లు ఒకర్నొకరు ఒత్తుకోని నడుమ మనిషి పట్టేంత చోటు చేసినారు. పిల్ల పోయి ఆ ఖాకీల మధ్య కూసునింది.