శారదాదేవి పనసపొట్టు కూర

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ స్టూడియోల్లో శారదాదేవి చేతి వంట తినని వాళ్లు తక్కువ. ఒకప్పుడు ఆమే తెర మీది అత్తలకూ వదినలకూ గొంతిచ్చిన మనిషి. గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట బొంగురుపోయింది, పిలుపులు ఆగిపోయాయి. ఏడుస్తూ కూర్చునే రకం కాదు. స్టూడియోల వెనక సందులో రెండు గదులు అద్దెకు తీసుకుంది. రహమత్ నగర్ నుంచి వచ్చే సుబ్బులును తోడు పెట్టుకుని పొయ్యి వెలిగించింది. ఆమె ఆవపెట్టిన పనసపొట్టు కూర కోసం జూబ్లీహిల్స్ బంగళాల డ్రైవర్లు సైతం వచ్చి నిలబడేవారు.

అప్పుడొచ్చాడు సృజన్, 'తినేద్దాం' అనే డెలివరీ యాప్ మేనేజరు.

"ఎక్స్‌క్లూజివ్‌గా మాతోనే ఉండండి మేడం. మిమ్మల్ని టాప్‌లో చూపిస్తాం."

ఆమె నమ్మింది. అప్పటిదాకా తన కూరలు అమ్మే ఇంకో యాప్ మానేసింది. ఒప్పందంలో ఉందని ఫోన్ ఆర్డర్లూ తీసుకోవడం ఆపేసింది. కూర పేరు కింద తన మాటల్లోనే రాసుకుంది: "ఆవ ఘాటు ముక్కుకెక్కకపోతే నా పేరు మార్చుకుంటాను."

కొంతకాలం బాగానే సాగింది. ఒక ఉదయం సుబ్బులు ఫోన్ పట్టుకుని వచ్చింది.

"అక్కా, గిదేంది? మన కూర వేరేటోళ్ల పేరు మీద అమ్ముతున్నరు!"

'అమ్మమ్మ గిన్నె' అట. అదే కూర, కింద అవే మాటలు, చివరికి ఆ పేరు మార్చుకునే పందెం కూడా. ఆరా తీస్తే తెలిసింది, ఆ వంటగది యాప్ వాళ్లదే. ఏ ఇంట్లో ఏ రోజు ఏం తింటారో వాళ్లకు తెలిసిందంతా ఆమె ఆర్డర్ల వల్లే. ఇప్పుడు ఆమె పేరు వెతకాలంటే బిర్యానీలూ పిజ్జాలూ దాటుకుని అట్టడుగుకు పోవాలి.

సృజన్‌కు ఫోన్ చేసింది.

"అదంతా అల్గారిదమ్ మేడం. మా చేతుల్లో ఏమీ ఉండదు."

"మరి మీ గిన్నె మాత్రం ఎప్పుడూ పైనే ఎందుకుంటుంది బాబూ?"

"కస్టమర్ ఛాయిస్ మేడం."

ఒంటి మీద బల్లి పడ్డట్టు జలదరించింది శారదాదేవికి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చూసింది గానీ, ఇంత నున్నగా మాట్లాడేవాళ్లను చూడలేదు.

సిగ్గులేకుండా ఆ సృజనే మళ్లీ ఫోన్ చేశాడు. పెద్ద డిజిటల్ కంపెనీలకు కళ్లెం వేసే చట్టం మీద అభిప్రాయాలు వినడానికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందట. జూబ్లీహిల్స్ హోటల్లో సమావేశం.

"మీరు మా సక్సెస్ స్టోరీ మేడం. ఈ చట్టం వస్తే మీలాంటి చిన్నవాళ్లకే నష్టమని రెండు మాటలు చెప్పండి చాలు. లిస్టులో మీ ప్లేస్ సంగతి నేను చూసుకుంటా."

ఆమె వెళ్లింది. హాల్లో వెంగళరావు నగర్ హోటలు యజమాని అచ్యుతరామయ్య కాగితం చూసి యాప్‌ను పొగుడుతున్నాడు. మొన్ననే ఫోన్లో, "యాప్ వాళ్లు నిలువునా ముంచారమ్మా" అని ఆమెతో వాపోయిన మనిషి. ఇంతలో అందరికీ 'అమ్మమ్మ గిన్నె' భోజనం డబ్బాలు పంచారు. మూత మీద ఆమె మాటలే. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉడకని పొట్టు, చేదెక్కిన ఆవ. కాగితంలో ఉమ్మేసింది.

పేరు పిలవగానే ఆ డబ్బాతోనే వేదికెక్కింది.

"వీళ్లు చెప్పమన్నది నేను చెప్పనండీ. అంగడి వాళ్లదే, తక్కెడ వాళ్లదే. పక్కనే కొట్టు పెట్టి, నా కొట్టు ముందు గోడ కట్టారు. నా కూర వండుకోనీయండి, నాకు బాధ లేదు. కానీ నన్ను వేరే చోట అమ్ముకోవద్దని కట్టేసి, నా గిరాకీ చూసి, నన్ను కిందికి తోశారు. దీన్ని పోటీ అంటారా?"

కమిటీ పెద్దావిడ కలం అందుకుంది. "ఇదంతా రాసి ఇవ్వండి" అంది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లిఫ్టు దగ్గర అచ్యుతరామయ్య చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "బాగా చెప్పావమ్మా" అన్నాడు.

"ఆ మాట లోపల అనాల్సింది అన్నయ్యగారూ" అని మెట్ల దారి పట్టింది. సృజన్ మీద కన్నా ఆయన మీదే ఆమెకు ఎక్కువ రోత పుట్టింది.

వారం తిరగకుండా 'నాణ్యత పరిశీలన' పేరుతో యాప్‌లోంచి ఆమె పేరు తీసేశారు. లా చదివిన మేనకోడలు హిమజ చేత, వ్యాపారంలో అన్యాయపు పోటీని విచారించే కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు పెట్టించింది. మళ్లీ ఫోన్ ఆర్డర్లు మొదలుపెట్టింది. స్టూడియోల వాళ్లు తిరిగొచ్చారు. బంగళాల వాళ్లు రాలేదు. వాళ్లలో ఒకావిడ ఫోన్ చేసి, "అదే కూర యాప్‌లో దొరుకుతోందిగా, మీ దగ్గర తేడా ఏంటండీ?" అని అడిగింది. శారదాదేవి ఫోన్ పెట్టేసింది.

కమిషన్ విచారణకు ఆదేశించిందని హిమజ పరుగున వచ్చి చెప్పింది. "అత్తా, గెలుపు మొదలైనట్టే!"

శారదాదేవి పొట్టు కొడుతూనే వింది.

"అది తేలేలోపు ఇంకెంతమంది కూడు మింగుతారో" అంది, పనస జిగురు అంటిన చేతులకు నూనె రాసుకుంటూ.