గోడ మీద లేని ఓటమి

ఇయ్యాల బోధన్ల మా కంఠేశ్వర్ ఫుట్‌బాల్ జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడింది. ఇంటికొచ్చి, గోడకు అతికించిన పేపరు ముక్కలు సూసుకుంట కూసున్న. అన్నీ హాలండ్ దేశపు ఒక్క క్లబ్బువే. వరుసగా మూడేండ్లు యూరప్ కప్పు వాళ్లదే.

బీడీలు చుట్టుకుంటనే మా అవ్వ అడిగింది: "వీళ్లు ఎన్నడు ఓడిపోలేదారా?"

"కప్పులు గెలవకముందు ఒకసారి ఫైనల్ల ఓడిండ్రవ్వా."

"మరి గా ముక్కేది?"

"అది అతికియ్యలే."

"నేను మొదట చుట్టిన బీడీలు బాగలేవని కార్ఖానోళ్లు కట్టలకు కట్టలు పారేసిండ్రు. తెల్లారి మళ్ల ఆకు కత్తిరించే కత్తెర పట్టిన."

పాత పేపర్లన్నీ తిరగేసి, గా ఓటమి ముక్కను అన్నిటికంటే పైన అతికించిన. పక్కనే ఇయ్యాల్టి మా స్కోరు గూడ రాసిన. రేపు పొద్దుగాల ఆరింటికి గ్రౌండ్ల ఉంట. మా జట్టోళ్లారా, మీరే చెప్పుండ్రి, వస్తరా, ముసుగుతన్ని పండుకుంటరా?