పచ్చిక కాపరి ఓబులేసన్న

పోయిన శుక్రవారం మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుండగా కువైట్‌లో మావాళ్ళ గదులుండే మహబూలా నుంచి ఫోన్ వచ్చింది. ఓబులేసన్నతో ఒకే గదిలో ఉండే మస్తాన్ గొంతు అది. "అయివారూ, అన్న లేడు. పొద్దున టీ తాగి, ఎదలో మంటగా ఉండాదని పండుకున్నాడు. మళ్ళా లేయలేదు" అన్నాడు. చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడిన మనిషి! కొత్తగా పరిచిన గడ్డి అంచులు పసుపు తిరుగుతున్నాయని దిగులుపడిన మనిషి. ఆయన ఇక లేడన్న వార్తను బుద్ధి గ్రహించింది కానీ, హృదయం ఇప్పటికీ అంగీకరించడం లేదు.

చింతకుంట ఓబులేసుది అన్నమయ్య జిల్లా రాయచోటి పక్కన ఒక మెట్ట పల్లె. ముప్పై ఏళ్ళ వయసులో కువైట్ వచ్చి, రెండేళ్ళు ఎడారిలో గొర్రెల దొడ్డి కాచి, ఆ తర్వాత మా గోల్ఫ్ మైదానంలో గడ్డి పనికి కుదిరాడు. అక్కడే ఇరవై ఆరేళ్ళు గడిపాడు. మబ్బు కోసం ఆకాశం వంక చూసి చూసి కళ్ళు కాయలు కాచిన ఊరివాడు, మబ్బన్నదే అరుదైన నేలమీద పచ్చదనాన్ని నిలబెట్టాడు. ఆ పచ్చికమీద ఆడినవాళ్ళ పేర్లు పలకల మీద చెక్కి ఉన్నాయి. దాన్ని పెంచినవాడిని గురించి రాయడానికి నాలాంటి అల్పుడు పూనుకోవలసి వచ్చింది.

నేను తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసి, ఉద్యోగం రాక, ఈ మైదానపు ఎరువుల గోదాములో గుమాస్తాగా చేరినవాణ్ణి. వచ్చిన వారానికే తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. "సదువుకున్నోడివి, ఇంత మొగం ఏల ఏసుకున్నావు?" అంటూ ఒక ఉదయం ఓబులేసన్న నన్ను గ్రీన్ మీదికి తీసుకువెళ్ళాడు. గ్రీన్ అంటే, జెండా పాతిన గుంట చుట్టూ చాపలా కత్తిరించి ఉంచే పచ్చిక. చెప్పులు విప్పమన్నాడు. రాత్రి తడి ఇంకా ఆరలేదు. "ఇప్పుడు చెప్పు, ఇది పరాయి దేశమా?" అన్నాడు. అరికాళ్ళకు తగిలిన ఆ చల్లదనం నన్ను ఈ దేశంలో నిలబెట్టింది. ఆనాటి నుంచి నేను ఆయనకు అయివారిని, అంటే పంతుల్ని; ఆయన నాకు అన్న.

గడ్డిని ఆయన మనిషిలా చూసుకునేవాడు. వంగి, అరచెయ్యి ఆనించి, దాని జ్వరం తెలుసుకునేవాడు. "గడ్డికి అబద్ధం రాదు అయివారూ. దప్పికైతే మద్దేన్నానికంతా రంగు మార్చి చెప్పేస్తాది. మనమే దాచిపెట్టుకుంటాం" అనేవాడు. ఈ మాటను ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. దాని అర్థం నాకు బోధపడింది మాత్రం ఒకే ఒక్క రోజు. ఆ రోజును దాచుకోకుండా రాయడమే ఆయనకు నేను చేయగల నివాళి.

ఎనిమిదేళ్ళ కిందట మా మైదానంలో వృత్తి ఆటగాళ్ళ పెద్ద ఛాంపియన్‌షిప్ జరిగింది. నాలుగు రోజుల పోటీ. అన్ని గుంటల్లోకీ కలిపి ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని వేస్తారో వాళ్ళే విజేతలు. వచ్చినవాళ్ళలో ఒక యువకుడు ఉన్నాడు. ఇరవై మూడేళ్ళుంటాయి, తాటిచెట్టంత మనిషి. మనవాళ్ళందరికీ అతను పొడుగబ్బి. అతని అసలు పేరు ఇక్కడ రాయను. అతని అనుమతి నేను అడగలేదు.

పోటీకి ముందు వారం పొడుగబ్బి రోజూ తెల్లవారగానే ఒంటరిగా వచ్చి గ్రీన్‌ల వాలు చూసుకునేవాడు. కంటికి అందని వాలు ఒకచోట అతన్ని తికమక పెట్టింది. ఓబులేసన్న దూరం నుంచి చూసి, దగ్గరికి వెళ్ళి, తన సీసాలోని నీళ్ళు అక్కడ సన్నగా ధారగా పోశాడు. నీరు ఎటు పారిందో అటే వాలు. ఆ కుర్రవాడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మరునాడు రెండు నారింజలు తెచ్చి ఒకటి అన్న చేతిలో పెట్టాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ గడ్డిమీద కూర్చుని తొనలు ఒలుచుకుని తిన్నారు. "మా పెద్దోని ఈడే. మర్యాద తెలిసిన బిడ్డ" అన్నాడు అన్న నాతో.

ఆఖరి రోజు, ఆఖరి గుంట. పొడుగబ్బి ఒక్క దెబ్బ ఆధిక్యంలో ఉన్నాడు. గ్రీన్ వెనక దిగువన ఒక చిన్న చెరువు. ఆ ఒడ్డునే ఓబులేసన్న ఇసుక సర్దే పార పట్టుకుని నిలబడ్డాడు. పొడుగబ్బి కొట్టిన బంతి గ్రీన్ దాటి, వాలు పట్టి, నీళ్ళ వైపు దొర్లింది. అన్న కాలికి తగిలి ఒడ్డున ఆగిపోయింది. జనం అదృష్టమని చప్పట్లు చరిచారు.

రిఫరీ వచ్చాడు. ఆ ఆట నియమం సులువైనదే. బంతి పొరపాటున ఎవరికైనా తగిలితే, ఆగినచోటి నుంచే ఆడవచ్చు. ఎవరైనా కావాలని ఆపితే మాత్రం, అది ఆగకుండా ఎక్కడికి పోయేదో లెక్క అక్కడికే. ఇక్కడైతే నీళ్ళలోకి. అంటే ఒక దెబ్బ శిక్ష. రిఫరీ ప్రశ్నను ఓబులేసన్నకు తెలుగులో చెప్పడానికి నన్ను పిలిపించారు. నడుస్తుండగా మా మేనేజరు నా పక్కకు వచ్చి, "పొరపాటున తగిలిందని చెప్పు. ఖలాస్" అన్నాడు. పొడుగబ్బి గెలిస్తే మైదానానికి పేరు వస్తుందని అతని ఆశ. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండడానికి అనుమతి కాగితం, ఆ నెలలోనే కొత్తది చేయించవలసి ఉంది. ఆ కాగితం మీద సంతకం పెట్టవలసినవాడు అతనే.

"అన్నా, బంతి నీకెట్లా తగిలిందని అడుగుతున్నారు" అన్నాను.

ఓబులేసన్న నా ముఖంలోకి చూశాడు. "తగల్లేదు అయివారూ. నేనే కాలు అడ్డం పెట్టినా. నీళ్ళల్లోకి పోతాందే, పాపం ఆ బిడ్డ ఓడిపోతాడే అని కాలు ముందుకు పోయింది. తప్పే. తప్పని చెప్పు" అన్నాడు.

నేను రిఫరీ వైపు తిరిగి, "యాక్సిడెంట్ అంటున్నాడు సార్" అన్నాను.

ఓబులేసన్నకు ఇంగ్లీషు రాదు. కానీ ఇరవై ఏళ్ళుగా కువైట్ రోడ్లమీద తిరిగినవాడికి ఆ ఒక్క మాట తెలియకుండా ఉంటుందా! పార కింద పెట్టి రిఫరీ ముందుకు వచ్చాడు. తన కాలు చూపించి, "నో యాక్సిడెంట్. మై లెగ్. ఐ స్టాప్" అన్నాడు. మళ్ళీ చేతులు జోడించి, "సారీ" అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను.

శిక్ష పడింది. ఆ గుంటలో పొడుగబ్బి తడబడ్డాడు. ఒక్క దెబ్బ తేడాతో ఛాంపియన్‌షిప్ మరొకరిదయింది. ఆ కుర్రవాడు ఓబులేసన్న పక్కనుంచే, కన్నెత్తి చూడకుండా, వెళ్ళిపోయాడు.

మూడో రోజుకల్లా అన్నను మైదానం నుంచి తీసేసి, రిగ్గైలో రోడ్డు పక్క మొక్కలకు నీళ్ళు పెట్టే పనికి పంపారు. ఆ వేసవంతా నిప్పులు చెరిగే ఎండలో గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. నా ఇఖామా మాత్రం సకాలంలో వచ్చింది. అది జేబులో పెట్టుకుని, ఒక సెలవు రోజున పెరుగన్నం డబ్బాతో రిగ్గై వెళ్ళాను. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయనను చూడగానే ఏడ్చాను. ఓబులేసన్న డబ్బా మూత తీసి, "ఉప్పు తక్కువేసినావు" అన్నాడు. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, "బయపడినావు. బయం ఎవురికి లేదు? నాకూ ఆ పొద్దు కాళ్ళు వణికినాయిలే. ఇంగ దాన్ని మోసుకోని తిరగొద్దు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ప్రసక్తి తనంతట తాను తేలేదు.

ఆయన లేని మైదానం ఆ వేసవికే మచ్చలు పడింది. కొత్త మేస్త్రీలు ఇద్దరు వచ్చి చేతులెత్తేశారు. మా కఫీల్, అంటే ఆ మైదానపు యజమాని, వృద్ధుడు, ఒకనాడు గ్రీన్ మీద నిలబడి, "ఆ నిజం చెప్పినవాడు ఏడీ?" అని అరబ్బీలో అడిగాడట. మర్నాడే అన్న తిరిగి వచ్చాడు. మేనేజరు ఎదురుపడితే మునుపటిలాగే నమస్కారం పెట్టాడు. ఎండిన గ్రీన్ మీద మోకాళ్ళూని, మూడు నెలలు పురిటి బిడ్డను సాకినట్టు సాకి, దాన్ని మళ్ళీ పచ్చగా చేశాడు.

అయినా ఆయనకు లోపల ఒక బాధ ఉండిపోయింది. పొడుగబ్బి ఆటలు ఎక్కడ జరిగినా ఫలితం నన్ను అడిగి తెలుసుకునేవాడు. ఓడిపోయాడని చెబితే ఆ పూట సరిగా తినేవాడు కాదు. ఏళ్ళు గడిచాయి. కిందటి ఏడు ఆ కుర్రవాడు ప్రపంచంలోని అతిపెద్ద ఛాంపియన్‌షిప్‌లలో ఒకదానిలో ఆఖరి రోజుకు అగ్రస్థానంలో చేరాడు. ఆ సాయంత్రం మహబూలా గదిలో ఎనిమిదిమందిమి కుక్కర్‌కు ఆనించిన ఒక్క ఫోను చుట్టూ చేరాం. ముందురోజు జరిగిన సంగతిని కూడా మళ్ళీ చూపించారు. పొడుగబ్బి కొట్టబోతుండగా బంతి వెంట్రుకవాసి కదిలింది. ఎవరూ చూడలేదు. కెమెరాకూ సరిగా చిక్కలేదు. అతనే చెయ్యెత్తి రిఫరీని పిలిచి, తనమీద ఒక దెబ్బ శిక్ష వేయించుకున్నాడు. ఆ శిక్ష మోస్తూనే చివరిరోజు గెలిచాడు.

కప్పు చేతబట్టుకుని ఉండగా విలేకరి అడిగాడు, ఎవరూ చూడనిదాన్ని ఎందుకు చెప్పారని. అతను ఇంగ్లీషులో జవాబిచ్చాడు. ఓబులేసన్న నా భుజం కుదిపి, "ఏమంటాండాడు? ఈసారన్నా సరిగ్గా చెప్పు సామీ!" అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఒక్క మాట వదలకుండా చెప్పాను: "కువైట్‌లో గడ్డి కోసే మనిషి ఒకాయన నన్ను ఓడించాడు. ఆ రోజు కోపంతో ఆయన ముఖం చూడలేదు. నేను గెలవాలని నాకంటే ఎక్కువ కోరుకున్నది ఆయనేనని తర్వాత అర్థమైంది. ఆయన అంత కష్టమైన నిజం చెప్పగలిగినప్పుడు, నాకు ఇది ఏపాటిది అనిపించింది."

ఓబులేసన్న కుక్కర్‌కు ఆనించిన ఫోనును తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "ఆ పొద్దు నా నోటితోనే ఆ బిడ్డను ఓడగొడితినే అని ఇన్నేండ్లూ ముల్లు గుచ్చినట్లుండె. ఈ పొద్దుకు దిగిపోయ" అన్నాడు. లేచి, అందరికీ పాయసం కాచాడు.

ఆయన పార్థివదేహాన్ని సోమవారం విమానంలో ఊరికి పంపాం. బంగ్లాదేశ్ వాళ్ళు, నేపాల్ వాళ్ళు, సబా అల్ సలేం ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు అందరూ వచ్చారు. కఫీల్ చేతికర్ర ఊనుకుంటూ వచ్చి, పెట్టెమీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

పొడుగబ్బి కార్యాలయానికి నేను ఒక ఉత్తరం రాశాను. చేరుతుందన్న నమ్మకం లేదు. నిన్న అతని దగ్గరి నుంచే జవాబు వచ్చింది. తన సంతాపాన్ని తెలుపుతూ, చివర ఒక విన్నపం చేశాడు: "ఆయన పేరు నాకు ఇన్నేళ్ళూ తెలియదు. మీరు రాసినదాన్ని చదివి పలకబోతే సరిగా రావడం లేదు. దయచేసి ఒక్కసారి పలికి పంపండి."

ఫోను నోటి దగ్గర పెట్టుకుని గ్రీన్ మీద కూర్చున్నాను. ఎందరో విజేతలు నడిచిన ఆ పచ్చికమీద, నాకు ధైర్యం అంటే ఏమిటో చూపించి, నా పిరికితనాన్ని నవ్వుతూ మన్నించిన ఆ మహనీయుని పేరు, ఒక్కొక్క అక్షరం విడదీసి, అతనికి అర్థమయ్యేలా చెప్పాను. ఓ... బు... లే... సు. రెండోసారి పలికితే "ఓబులేసన్న" అనే వచ్చింది. అలాగే పంపించాను.