తూర్పు ముఖం ఇల్లు, కింది బడి

శేషుకుమారి తణుకు నుంచి సిడ్నీకి తెచ్చుకున్న సామానులో ఎప్పుడూ చేతిసంచీ వదలనిది దిక్సూచి ఒక్కటే. అది ఆవకాయ జాడీ మూతంత ఉంటుంది. కంప్యూటర్లకు రెండువేల సంవత్సరంలో రాబోయే గండం గట్టెక్కించమని ఓ బ్యాంకు వాళ్ళు పిలిస్తే ఆమె మొగుడు వాసుదేవరావు వచ్చాడు. లోకానికొచ్చే గండం ఆయన చూసుకుంటాడు, ఇంటికొచ్చే గండాలు తను చూసుకోవాలి కదా అని ఆవిడ దిక్సూచి తెచ్చుకుంది.

వచ్చిన కొత్తలో స్టేషను పక్క ఫ్లాట్లలో, తమలాగే కొత్తగా దిగిన కళావతి వాళ్ళతో కలిసి ఒక ఇంట్లో ఉన్నారు. రెండు కాపురాలు, ఒక పొయ్యి, రెండు కుక్కర్లు. ఎవరి కుక్కరు ముందు కూత పెట్టాలన్న దగ్గర మాటా మాటా వచ్చేది. అయినా కళావతి "వదినా" అని పిలవడం మానలేదు, శేషుకుమారి ఆమెకు బుద్ధులు చెప్పడమూ మానలేదు. "నీకు ఇంగ్లీషు రాదు కళావతీ, షాపులో నోరు మెదపకు, నేను మాట్లాడతా" అనేది. కళావతి సరేనని బుట్ట పట్టుకుని వెనకాల నడిచేది.

చేతిలో నాలుగు డబ్బులు ఆడాక సొంత ఇల్లు కొనాలన్నారు. ఏజెంటు వంటిల్లు చూపిస్తుంటే శేషుకుమారి గుమ్మంలో నిలబడి దిక్సూచి తిప్పుతుండేది. "మీ ఆవిడ సర్వేయరా?" అని అడిగాడు అతను. వాసుదేవరావు అవుననేశాడు. ఉన్న సంగతి వివరించడం కన్నా అది తేలిక.

చివరికి గుట్టమీద, పెద్దపెద్ద చెట్లున్న ఒక వీధిలో ఎదురెదురుగా రెండు ఇళ్ళు అమ్మకానికొచ్చాయి. ఒకటి విశాలంగా, గాలీ వెలుతురూ ధారాళంగా, పెరట్లో కాపుకొచ్చిన నిమ్మచెట్టుతో ఉంది. కానీ దాని ముఖం పడమర. రెండోది ఇరుకు, స్నానాల గది గోడకు చెమ్మ. ముఖం మాత్రం తూర్పు.

"ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం మీదుగా పోతాడే. ఇక్కడికి మన వాస్తు వర్తిస్తుందో లేదో" అన్నాడు వాసుదేవరావు.

"ఎటు పోతే మీకెందుకండీ? పుట్టేది తూర్పునే కదా!"

దాంతో చెమ్మగోడ ఇల్లు వాళ్ళదైంది. వద్దనుకున్న ఇంటి సంగతి శేషుకుమారి నఫీసాకు చెప్పింది. నఫీసాది హైదరాబాదు, మలక్‌పేట. ఆమె కూతురు షిఫా, శేషుకుమారి కూతురు స్నేహ ఒకే ఆటల బడికి వెళ్ళేవారు. "మీకు దిక్కుల పట్టింపు లేదు కదమ్మా, తీసేసుకోండి" అంది. తనకు పనికిరాని దాన్ని దానం చెయ్యడంలో ఆవిడ చేతికి ఎముకే ఉండదు.

"మాకు నమాజు గూడ పడమటికే అక్కా. మంచిగనే అయితది" అని నఫీసా ఆ ఇంట్లో దిగింది.

స్నేహకు అయిదో ఏడు వస్తుండగా శేషుకుమారి పిల్లను ముస్తాబు చేసి పై బడికి తీసుకెళ్ళింది. గుట్టమీదున్న ఆ బడికి పచ్చటి ఆటస్థలం, పియానో గది, ఉదయం గేటు దగ్గర పెద్దపెద్ద కార్లు. ఆఫీసులో కూర్చున్నావిడ చిరునామా చూసి తియ్యగా నవ్వింది. ఏ ఇల్లు ఏ బడికో తేల్చే జోను గీత మీ రోడ్డు నడిమధ్య నుంచి పోతోంది, పడమర చూసే ఇళ్ళు మాకు, తూర్పు చూసే ఇళ్ళు రైలుకట్ట పక్కనున్న కింది బడికి, అని చెప్పింది. అంటే షిఫా పై బడికి, స్నేహ కింది బడికి.

కింది బడిలో చదువు చెప్పరని కాదు. ఇనుపరేకుల గదులున్నా పాఠాలు బాగానే చెప్పేవారు. చిక్కు ఇంకోటి. ఆ చుట్టుపక్కల ఇల్లు కొన్న ప్రతి తెలుగువాడూ దిక్సూచి పెట్టి తూర్పు ముఖమే కొన్నాడు. దాంతో మనవాళ్ళ పిల్లలంతా గంపగుత్తగా కింది బడిలో పడ్డారు. ఒకరోజు శేషుకుమారి ఆ గేటు దగ్గర నిలబడి చూసొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది.

"తణుకు బస్టాండులో నిలబడ్డట్టుందండీ! ఇంత దూరం వచ్చింది మనవాళ్ళ మొహాలు చూడ్డానికా?"

"మరి మనల్ని చూసి వాళ్ళేమనుకోవాలే?" అన్నాడాయన.

స్నేహ ఏడుపు స్నేహది. "ఐ వాంట్ టు గో విత్ షిఫా, మమ్మీ!" అని రోజూ రాగం. రోడ్డుకు అవతల షిఫాకు అప్పుడే యూనిఫాం కొనేశారు. కిటికీలోంచి అది తొడుక్కుని చూపిస్తుండేది. ఆ పిల్ల తప్పేం లేదు గానీ, శేషుకుమారి వెళ్ళి తమ కిటికీ తెర లాగేసేది. తను పొమ్మని చెప్పిన ఇంట్లోనే తన పిల్ల బడి ఉందాయె.

ఒలింపిక్సు సంబరం చల్లారిన నెలలో ఆశ పుట్టింది. పై బడిలో గదులు ఖాళీగా ఉన్నాయి, కింది బడి కిక్కిరిసింది. కాబట్టి గీతను రైలుకట్ట దాకా జరుపుతామని విద్యాశాఖ వాళ్ళు సభ పెట్టారు. శేషుకుమారి వాళ్ళ వరసా, స్టేషను ఫ్లాట్లూ అన్నీ పై బడి కిందికొస్తాయి. దూరమున్న ఫ్లాట్ల పిల్లలకు బస్సు వేస్తారు.

సభకు ముందే శేషుకుమారి డబ్బానిండా జంతికలు చేసుకుని మార్గరెట్ ఇంటికి వెళ్ళింది. మార్గరెట్ పై బడి తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. జంతిక కొరికి, "మీలాంటివాళ్ళు వస్తే మాకు అభ్యంతరమేముంది? మా దిగులంతా ఆ బస్సు గురించే" అంది. 'మీలాంటివాళ్ళు' అన్న మాట శేషుకుమారికి సన్మానసభలో కప్పిన శాలువాలా వెచ్చగా తగిలింది. ఆ శాలువా భుజాన వేసుకునే సభకు వచ్చింది.

అధికారి మొదటే చెప్పేశాడు. గీతా బస్సూ రెండూ ఒకటే మూట, తీసుకుంటే రెండూ తీసుకోవాలి, లేకపోతే రెండూ లేవు. నఫీసా మోచేత్తో పొడిచింది. "విన్నవా అక్కా? రెండూ కలిపేనంట."

"అది మొదటి ధర నఫీసా. చీరల కొట్టువాడు మొదట చెప్పిన ధరకి ఎవరన్నా కొంటారా? కాస్త గట్టిగా మాట్లాడితే బస్సు తీసేసి మన వరస వరకూ ఇస్తాడు. చూస్తుండు."

"గీడ బేరాలుండయి అక్కా..."

"నువ్వూరుకో, నాకు తెలుసు."

ముందు మార్గరెట్ లేచింది. తమకు రకరకాల మనుషులంటే ప్రాణమని చెప్పింది. తన కొడుకు పెళ్ళిలో థాయి భోజనం పెట్టించానంది. వీధిలో చెట్లు చాలా పాతవి, బస్సు పొగకు తట్టుకోలేవంది. ఇంకో పెద్దాయన లేచి బస్సుల వల్ల పక్షులు బెదురుతాయన్నాడు. వాళ్ళ పెద్దకార్లకు బెదరని పక్షులు పిల్లల బస్సుకు బెదరడమేమిటని ఎవరూ అడగలేదు. వెనక వరసలో ఫ్లాట్ల వాళ్ళు కూర్చున్నారు. చంకలో నిద్రపోతున్న పిల్లతో కళావతి కూడా వచ్చింది.

శేషుకుమారి పట్టుచీర కొంగు సర్దుకుని లేచింది. ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా, అద్దం ముందు సాధన చేసిన ప్రసంగం అది. తాము ఇళ్ళు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబాలమని అంది. తమను కలుపుకుంటే బడికి వన్నె అంది. ఫ్లాట్లు వేరంది. అక్కడివాళ్ళు నిన్నగాక మొన్న దిగినవాళ్ళు, ఇవాళ ఉంటే రేపుండరు, ఇంట్లో ఇంగ్లీషు లేదు, ఆ పిల్లలు బస్సులో దిగితే బడి ప్రమాణం ఏమవుతుంది, ఎక్కడో ఒకచోట గీత ఉండాలి కదా, అంది. తానూ అదే ఫ్లాట్లలో కుక్కరు వంతు కోసం పోట్లాడిన సంగతి ఆ క్షణాన ఆమెకు పూర్వజన్మ వృత్తాంతం.

హాలు చప్పట్లతో మోగింది. మార్గరెట్ లేచి నిలబడి కొట్టింది. నఫీసా చేతులు ఒడిలోంచి తియ్యలేదు. అధికారి మాత్రం తలవంచి శ్రద్ధగా రాసుకున్నాడు. "రాసుకుంటున్నాడు, చూశావా?" అని శేషుకుమారి మురిసిపోయింది.

క్రిస్మసు సెలవులకు ముందు కబురు నఫీసానే తెచ్చింది. గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా నిలబడింది.

"అక్కా, లైను జరుపుత లేరంట. బస్సు గూడ బంద్."

"అదేంటి? బస్సు ఒక్కటే కదా వద్దన్నాం!"

"రెండూ ఒకటే మూటని ఆయన ముందే చెప్పిండు కదక్కా. బస్సు గుట్టమీదోళ్ళకే కాదు, బయటి దేశంకెళ్ళి వచ్చినోళ్ళకి గూడ ఇష్టం లేదంట. మీటింగుల ఒకామె మస్తు మాట్లాడిందని మా బడిల చెప్పిన్రు." వెనక్కి తిరుగుతూ, "పేరు చెప్పలే" అంది.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. ఇంకా గట్టున ఉండగానే తగలేసిన మనిషి శేషుకుమారి. ఆ మర్నాడు మార్గరెట్ బజారులో కనిపించి, అద్భుతంగా మాట్లాడారని రెండు చేతులూ పట్టుకుని ఊపింది. జంతికలు ఎలా చేస్తారో చెప్పమంది. బడి ఊసు ఎత్తలేదు.

జనవరి నెలాఖరున ఎండ మాడ్చేస్తుంటే స్నేహను వెంటబెట్టుకుని శేషుకుమారి కింది బడికి దిగింది. ఎదురు గుమ్మంలోంచి షిఫా చెయ్యూపింది. స్నేహ ఊపలేదు. రేకుల గది ముందు తెలుగు, అరబ్బీ, చైనా మాటలు కలగలిసి సంతలా ఉంది. ఆ సంతలో "వదినా!" అన్న పిలుపు వినపడి శేషుకుమారి వెనక్కి తిరిగింది. కళావతి. పక్కన కొత్త టోపీ పెట్టుకున్న ఆమె కూతురు జయశ్రీ.

"మన పిల్లలిద్దరూ ఒకే క్లాసంట వదినా. టీచరుకి చెప్పి పక్కపక్కనే కూర్చోబెట్టిద్దామా?"

శేషుకుమారి కొంగు సర్దుకుంది. ఎన్ని గాలివానలొచ్చినా తల వంచని మనిషి ఆవిడ. "దానికేం, కూర్చోబెట్టు. మీ పిల్లకి ఇంగ్లీషు వచ్చా?"

"దానికి ఇప్పుడిప్పుడే వస్తోంది" అంది కళావతి, కూతురి టోపీ సర్దుతూ. "నాకైతే వచ్చు వదినా. ఆ రోజు మీటింగులో నువ్వు మాట్లాడిందంతా అర్థమైంది. షాపులో నువ్వు మాట్లాడేదాని కన్నా చాలా బాగా మాట్లాడావు."

శేషుకుమారి వంగి స్నేహ బూటు తాడు ముడి విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. అది గట్టిగానే ఉంది. "మమ్మీ, లెట్ గో" అని ఆ పిల్ల కాలు లాక్కుని, జయశ్రీ చెయ్యి పట్టుకుని రేకుల గదిలోకి వెళ్ళిపోయింది.