సెట్టు మామ పలకరింపు

సెట్టు మామకి నోట్లో ఉన్నది ఒకటే మాట. సెట్టు. ఎండ కాస్తే సెట్టు, వాన పడితే "ఇవాళ సెట్టవలేదు". కూర రుచిగా ఉంటే సెట్టు, లేకపోతే "ఉప్పు సెట్ చెయ్యి". ఎవరో పెద్దాయన పోయాడని కబురొస్తే తల దించుకుని, "పాపం, ఇక్కడ సెట్టవలేదు ఆయనకి" అన్నాడంటే, ఇంక ఆ మనిషిని ఏమనాలి చెప్పండి?

చేసే పని పళ్ల సెట్లు కట్టడం. బజారు చివర చిన్న గది. గోడబల్లల నిండా ప్లాస్టరు అచ్చులు, వరసగా నోళ్లే నోళ్లు. ఒక్క నోరూ మాట్లాడదు గనక ఆయనకి అక్కడ హాయి. ఇంటికొస్తే భార్య ఉంటుంది. వీధంతా ఆవిడని అత్త అంటారు. మంచి మనిషే. నోరే కాస్త సెట్ చెయ్యాలి.

"చేతిలో ఆ రేకుపెట్టె ఏంటండీ?"

"సెట్టు."

"ఏం సెట్టు?"

"సెట్టే!"

ఓసారి లాక్కుని తెరిస్తే టీ కప్పులున్నాయి. మరోసారి స్పానర్లు. ఇంకోసారి చదరంగం పావులు. దాంతో అత్త అడగడం మానేసింది.

వీధిలో పలకరింపు కూడా అంతే. ఎవరు ఎదురైనా "సెట్టా?" అంటాడు. వాళ్లు "సెట్టు!" అనేదాకా కదలడు. ఒకరోజు పచారీ కొట్టాయన బద్ధకంగా "షెట్టు" అన్నాడని, పట్టపగలు కొట్టు మూయించి లోపలికి లాక్కుపోయాడు. కాసేపటికి కొట్టాయన బయటికొచ్చి "సెట్టు!" అని గట్టిగా అన్నాడు. అప్పుడు వదిలాడు.

"మాటలు రాని పసిపిల్లాడా, కూర్చోబెట్టి పలికిస్తున్నారు?" అని అత్త తిట్టింది. "ఇన్నేళ్లుగా పళ్లు కడుతున్నారు, మన వీధిలో ఒక్కరైనా మీ దగ్గర కట్టించుకున్నారా? అందరివీ సొంత పళ్లే. మా అమ్మని చూడండి! ఈ వయసులో వేరుశనగలు పటపటా నమిలేస్తుంది. మీ వైపు వాళ్లంతా బోసినోళ్లు."

ఆ తల్లి వాళ్లతోనే ఉంటుంది. కుర్చీలో కూర్చుని కూతురు పొగిడినప్పుడల్లా ఇంకో గుప్పెడు నోట్లో వేసుకునేది. "నీ బేరం నా దగ్గర సాగదులే అల్లుడూ!"

"సెట్టా అత్తయ్యా?"

"సెట్టు!"

ఇలా ఉండగా, వీధి చివరింట్లో ఒంటరిగా ఉండే పాటల టీచరమ్మ పిల్లలతో కచేరీ పెట్టింది. ఆ సాయంత్రం అందరూ వెళ్లాలి. అత్త మొగుడి చొక్కా ఇస్త్రీ చేసి చూస్తే మనిషి లేడు, పెట్టె లేదు. అంతలో ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చింది.

"వదినా, మీ ఆయన టీచరమ్మ ఇంట్లో దూరాడు. తలుపు కూడా వేసుకున్నారు. ఎందుకయ్యా అంటే, సెట్టన్నాడు!"

"సెట్ చేసుకున్నాడా! ఈ వయసులోనా!" అత్త గరిటె పట్టుకునే బయల్దేరింది. వెనకాలే ఎదురింటావిడ. ఇలాంటి వాటికి ఆవిడ మోకాళ్లు నొప్పెట్టవు.

తలుపు తోసుకుని లోపలికెళ్లేసరికి టీచరమ్మ నోటికి రుమాలు అడ్డంపెట్టుకుని ఏడుస్తోంది. మామ కిటికీ వెలుగులో చతికిలబడి, చిన్న ఆకురాయితో ఏదో అరగదీస్తున్నాడు.

"ఏంటండీ ఈ బాగోతం?"

టీచరమ్మ రుమాలు తీసింది. ముందంతా ఖాళీ. "ఫళ్లు... విరిగిఫోయాయి వదినా. జారిఫడ్డఫ్ఫటి నుంచీ ఇవే ఫెట్టుకుంటున్నా. అన్నయ్యకి తఫ్ఫ ఎవరికీ తెలీదు."

"తలుపెయ్యి," అన్నాడు మామ. "పిల్లల ముందు బయటపడితే ఇంక జన్మలో పాడనంటోంది." ఆ మాటల్లో ఒక్క సెట్టూ లేదు. అత్త, ఎదురింటావిడ గుమ్మం ఎక్కేలోపే తలుపేసి, గరిటె దించింది.

మామ పళ్లు పెట్టించి, "ఏదీ, సెట్టు అను" అన్నాడు.

"ఫెట్టు."

తీసి మళ్లీ అరగదీశాడు. "ఇప్పుడు?"

"షెట్టు."

"గాలి పోతోంది. ఆ మాట తిన్నగా పలికితే ముందు పళ్లు కుదిరినట్టే," అంటూ మరోసారి అరగదీసి పెట్టాడు.

"సెట్టు!" అంది టీచరమ్మ. ఆ వెంటనే ఓ రాగం కూడా అందుకుంది.

బయట తలుపు దబదబా మోగింది. "ఏమైంది వదినా? నాకు చెప్పవా?"

అత్త తలుపు సందులోంచి, "ఏం లేదు. సెట్టు" అంది.

"ఏం సెట్టు?"

"సెట్టే!"

మామ అత్త భుజం మీదుగా తల బయటపెట్టాడు. "సెట్టా చెల్లెమ్మా?"

"సెట్టు!" అనేసి, ఎదురింటావిడ చటుక్కున నోరు మూసుకుంది. ఇంక వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది.

అత్త ఆ వైపే చూస్తూ ఉండిపోయింది. "ఈవిడ కూడానా? అంటే, ఆ కొట్టాయన..."

మామ ఆకురాయి తుడుచుకుంటున్నాడు.

కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. ఇంటికొచ్చేసరికి తల్లి కుర్చీలోనే ఉంది, ఒళ్లో వేరుశనగల గిన్నె.

"సెట్టా అత్తయ్యా?"

"సెట్టు!"

అత్త తల్లిని చూసింది. మొగుణ్ణి చూసింది. ఆయన ఇంటికప్పు చూశాడు. ఆవిడ గబగబా వంటింట్లోకెళ్లి, ఉడకబెట్టిన వేరుశనగలు తెచ్చి గిన్నె మార్చింది.

"మెత్తగా ఉన్నాయేంటే?" అని తల్లి గదిమింది. "నా పళ్లకేం తక్కువ?"

"నీ పళ్లకేమమ్మా, ఉక్కు ముక్కలు! ఈయనకే పాపం, నమలడం కష్టంగా ఉందిట."

"చూశావా? వాళ్ల వైపు అంతే!" అంది తల్లి సంబరంగా.

తన పళ్లన్నీ గట్టిగా ఉన్న మామ దవడ పట్టుకుని, అబ్బా అని మూలిగాడు. తర్వాత పెళ్లాం వైపు తిరిగి మెల్లిగా, "సెట్టు" అన్నాడు.