గుసగుసక్క పట్టుకున్న నాలుగు నిమిషాలు

నాటక సమాజంలో అందరూ ఆమెను గుసగుసక్క అంటారు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, నటులు మాట మరిచిపోతే వాళ్లకు మాత్రమే వినపడేలా అందించడం ఆమె పని. పగలంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఒకనాడు కరపత్రాల కట్ట ఇచ్చి పోదామని హాలుకు వెళ్తే, అందించే ఆయనకు గొంతు పోయిందని ఆమెను కూర్చోబెట్టారు. అలా కూర్చుని ఇరవై రెండేళ్లయింది.

సమాజానికి పేరు తెచ్చిన నాటకం ఒక్కటే. రంగులద్దే ఇంటి పిల్లా, పడవవాడూ ప్రేమించుకుంటారు. రెండిళ్ల మధ్యా పగ. చివరికి పడవవాడి మీదికి దూకిన తన అన్న కత్తికి పిల్ల అడ్డం వెళ్లి, రేవు మెట్ల మీద ప్రాణం వదులుతుంది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అయినా వచ్చి ఏడ్చి వెళ్లేవారు.

ఆ ఏడు కొత్తగా వచ్చిన కుర్ర దర్శకుడు మొదటి రంగంలో నాలుగు నిమిషాల సరదా మాటలు కొట్టేశాడు.

"అవన్నీ పాత జోకులక్కా. కథ ముందుకు నడవట్లేదు," అన్నాడు.

గుసగుసక్క పెన్సిలుతో గీత కొట్టి ఊరుకుంది. ఆటయ్యాక ఇంటికి వస్తే, ఆట చూసి ముందే వచ్చేసిన అత్తగారు వంటింటి బల్ల దగ్గర మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

"పోయినేడు రుమాలు పిండుకున్నానమ్మాయ్. ఇవాళ నలుసంత తడి లేదు. ఆ పిల్ల సరిగ్గా చావలేదా ఏంటి?"

"బాగానే చచ్చిందత్తయ్యా. అదే పిల్ల, అదే కత్తి."

"మరి నాకెందుకు ఏడుపు రాలేదు?"

ఆ ప్రశ్న గుసగుసక్క బుర్రలో తిష్ట వేసింది. మర్నాడు అచ్చాఫీసులో ప్రూఫులు సరిచూసే పద్ధతిలోనే, కొట్టేసిన పేజీని ఎడం పక్కన, ఆఖరి రంగాన్ని కుడి పక్కన పెట్టుకుని మాటకు మాట చూసుకుంటూ పోయింది. చూసేకొద్దీ టీ చల్లారిపోయింది.

కొట్టేసిన చోట, తలుచుకుంటుండగానే ఎదురొచ్చిన పిల్లతో పడవవాడు "నీకు నూరేళ్లు!" అంటాడు. "అప్పుడే నిండాయా?" అంటుంది పిల్ల. జనం నవ్వుతారు. ఆఖరి రంగంలో తండ్రి కూలబడి అనేది ఒకటే మాట: "నా బిడ్డకు నూరేళ్లు నిండాయి." అదొక్కటే కాదు. ఎర్రటి చేతులు చూసి పడవవాడు బెదిరిపోతే, పిల్ల పకపకా నవ్వి "రంగేలే!" అంటుంది. ఆఖర్న మెట్ల మీద ఎర్రబడ్డ చేతులు పట్టుకుని, "రంగేలే, నాకు తెలుసు," అంటాడు పడవవాడు. ఇలాంటి జంటలు తొమ్మిది తేలాయి. ఇరవై రెండేళ్లు నోటితో అందించిన మాటలు తన చెవికే ఎక్కలేదని ఆమె నివ్వెరపోయింది.

పేజీలు తీసుకెళ్లి దర్శకుడి ముందు పెట్టింది. అతను చదివాడు గానీ లొంగలేదు.

"బాగుందక్కా. కానీ ఇదంతా చూసేవాళ్లకు తెలుస్తుందంటారా?"

"తెలీదు బాబూ. తెలియకుండానే లోపల పడి ఉంటుంది. ఒక్క ఆట ఆ నాలుగు నిమిషాలూ ఉంచు. నువ్వు మాత్రం తెర వెనక కాదు, జనంలో కూర్చో."

తర్వాతి ఆటకు అతను మూడో వరుసలో కూర్చున్నాడు. మొదటి రంగంలో పాత జోకులకు హాలంతా గొల్లుమంది. ఆఖర్న పడవవాడు "రంగేలే" అనగానే, పక్క కుర్చీలో పెద్దమనిషి అలవాటుగా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది, కళ్లు నిండిపోయాయి. దర్శకుడు వేదిక వంక చూడటం మానేసి ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఆట అవగానే స్టూలు దగ్గరికి వచ్చి, "ఇంకేమున్నాయక్కా?" అన్నాడు.

"ఒకటి అంతు చిక్కట్లేదు. రెండో రంగంలో పిల్ల మూడుసార్లు 'పడవ తాడు గట్టిగా కట్టావా?' అంటుంది. ఆ తాడు మళ్లీ ఎక్కడా రాదు. రాసినాయన మర్చిపోయాడా?"

ఇద్దరికీ నిద్ర పట్టని సంగతైపోయింది. సెలవు రోజున గ్రంథాలయానికి వెళ్లి బీరువాలన్నీ గాలించారు. పేజీలు పొడిబారి చిట్లుతున్న మొదటి అచ్చు ప్రతి దొరికింది. గుసగుసక్క వేలు పెట్టుకుంటూ ఆఖరి పేజీ దాకా వచ్చి ఆగింది. తమ పుస్తకంలో లేని మాట అక్కడ ఉంది. పిల్లను పడవలో పడుకోబెట్టి, పడవవాడు అంటాడు: "తాడు విప్పేశాను. ఇంక ఎవరూ మనల్ని ఆపరు."



"ఇంత మంచి మాట కొట్టేసింది ఎవరక్కా?" అన్నాడు దర్శకుడు.

"ఎవరో, కథ నడవట్లేదనుకున్నవాళ్లు," అని గుసగుసక్క సంచిలోంచి కాగితం తీసి, ఆ మాట చుక్కలతో సహా రాసుకుంది. అప్పటినుంచి ఆ నాటకం పడవ కదలడంతోనే ముగుస్తోంది.