గొంతు తగ్గించని కొమురవ్వ

మొన్న ముసురులో కిటికీ పక్కన పెట్టిన నా గొంగడి తడిసింది. తడి ఉన్ని వాసన, దాని అడుగున చింతగింజల గంజి వాసన. నేసినంక గొంగడికి బిరుసు రావాలని ఆ గంజి పట్టిస్తారు. ఎన్నేండ్లయినా తడిస్తే ఆ వాసన మళ్లీ లేస్తుంది. ఇంట్లోవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను దాన్ని మొఖానికి అద్దుకుని కూర్చున్నాను. ఆ వాసనకు నాకు కొమురవ్వ యాదికొస్తుంది. మీరెవరూ ఆమెను చూడలేదు, చూపిద్దామంటే ఫోటో కూడా లేదు. అక్షరాలు నేను తల నెరిసేటప్పుడు నేర్చుకున్నాను కాబట్టి నా రాత సొంపుగా ఉండదు. ఉన్నది ఉన్నట్టు ఉంటుంది.

నా పేరు నర్సవ్వ. మాది ఆలేరు దగ్గర ఊరు. గొర్లు కాసే ఇండ్లు. నా చిన్నతనమంటే పందొమ్మిది వందల యాభైల నాటి మాట. కొమురవ్వది మా పక్కిల్లు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఉన్ని వడికి బతికేది. ఆమె గొంతు ఎంత పెద్దదంటే, ఇంట్లో కూర్చుని ఉప్పు అడిగితే వాడ చివర నుంచి కూడా తెచ్చి ఇచ్చేవాళ్లు. నాకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినంక కూడా విన్న మాటనే పదిసార్లు అనేదాన్ని. ఎదుటి మనిషి మొఖంలోకి చూస్తే నోట్లో మాట పోతుంది, ఇప్పటికీ అంతే. డప్పు మోగితే చెవుల్లో సూదులు దిగుతాయి. దీన్నంతా ఊరు "నర్సవ్వకు గాలి సోకింది", అంటే దయ్యం పట్టింది, అనే ఒక్క మాటలో తేల్చేసింది. ఆ మాట కూడా నేను దగ్గరికి రాగానే గొంతు తగ్గించి అనేవాళ్లు. గుసగుసలో ఏమున్నదో నాకు వినబడేది కాదు. అది నా గురించేనని మాత్రం తెలిసేది. పిల్లకు తన గురించి ముందుగా తెలిసింది అదే అయితే, ఆ పిల్ల తన్ను తాను ఏమనుకుంటుంది? దాచిపెట్టాల్సిన వస్తువు అనుకుంటుంది. నేనూ అదే అనుకున్నాను.

ఒకసారి వాడలో పెండ్లి. డప్పులు మా గుమ్మం ముందుకే వచ్చాయి. నేను అరుచుకుంటూ ఉరికి కొమురవ్వ ఇంట్లో జొరబడి, మూలకున్న గొంగళ్ల కుప్ప కింద దూరాను. వెనకనే అమ్మ వచ్చింది, "ఇజ్జత్ తీస్తున్నవు గదనే" అని కాలు పట్టి గుంజింది. కొమురవ్వ అమ్మ చెయ్యి తీసేసింది. తర్వాత కుప్ప పక్కన చతికిలబడి నన్నే అడిగింది.

"బరువు సాల్తాందా? ఇంకొకటి ఎయ్యాల్నా?"

నేను చాలాసేపు పలకలేదు. ఆమె మళ్లీ అడగలేదు, కూర్చునే ఉంది. చివరికి "ఇంకొకటి" అన్నాను. ఇంకొకటి వేసింది. నాకేం కావాలో అంతకుముందు నన్ను అడిగినవాళ్లు లేరు.

అప్పటినుంచి పగలంతా ఆమె ఇంట్లోనే. ఉన్ని చిక్కు తీయడం, రాట్నం తిప్పడం నేర్పింది. నాకేదో గొప్ప చేతివాటం ఉండెనని రాస్తే కథ బాగుంటుంది గాని, లేదు. నా నూలు గంటకోసారి తెగేది. "నీ నూలుతోని మేకపిల్లను గూడ కట్టెయ్యలేమే" అని పకపక నవ్వేది. నవ్వి, మళ్లీ ఉన్ని ఇచ్చేది. ఎవరైనా వచ్చి "ఈ పిల్ల గిట్లెందుకుంటది?" అని మెల్లగా అడిగితే, తను మామూలు గొంతుతోనే చెప్పేది: "మొఖం చూడది. సప్పుడు పడది. మాట ఆలస్యంగ వస్తది. దాని తీరే అంత. దానికి వినబడ్తది, దాన్నే అడుగు." ఎండ కొడుతున్నది అన్నట్టే చెప్పేది. నా గురించిన మాటలు మొదటిసారి నాకే వినబడ్డాయి. విన్నవి అంత చెడ్డగా కూడా లేవు.

మరుసటి యేడు నాయిన ఒక నిర్ణయానికి వచ్చాడు. దయ్యాలు వదిలించే చోటు ఒకటున్నదని, అక్కడ కొన్నాళ్లు గొలుసుతో కట్టేసి ఉంచితే బాగవుతుందని ఎవరో చెప్పారు. నన్ను తీసుకుపోవడానికి మేనమామ బండి కట్టుకుని వచ్చాడు. కొమురవ్వ మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"వదినా, నువ్వు నడుమ రాకు," అన్నాడు నాయిన. "రేపు నేను పోతే దీని గతేంది? ఒక్క పనన్న సక్కగ రాదాయె."

"పనికొస్తేనే బిడ్డనారా? గట్లయితే నీ బామ్మర్ది ఎప్పుడో ఊరిడిసి పోవాలె."

మేనమామకు కోపం రావాల్సింది, నవ్వు వచ్చింది. "సరే అక్కా, దాన్నే చెప్పమను. దయ్యం లేదని దాని నోటితోని చెప్తే బండి తిప్పుకుంట."

అందరూ నన్ను చూశారు. అన్ని మొఖాలు ఒక్కసారే. నేను వేళ్లు ఆడించుకుంటూ ఉండిపోయాను. "చూసినవా?" అన్నాడు నాయిన. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది.

"మీరు చూస్తుంటె అదెట్ల చెప్తది? అందరు అటు మర్రుండ్రి," అన్నది కొమురవ్వ.

ఎదుటి మనిషికి వీపు చూపడం మా దగ్గర మర్యాద కాదు. అయినా ఆ గొంతుకు ఎదురేది? ముందు మేనమామ గోడవైపు తిరిగాడు. తర్వాత అమ్మ. నాయిన అందరికంటే ఆలస్యంగా తిరిగాడు. కొమురవ్వ కూడా తిరిగింది. వాకిట్లో నాకు అన్నీ వీపులే. ఎవరూ తొందర పెట్టలేదు. ఎద్దుల గంటలు వినబడుతున్నాయి.

"నాకు దయ్యం లేదు," అన్నాను. "డప్పు చెవులల్ల గుచ్చుకుంటది. గొలుసు వద్దు. నేను గిట్లనే ఉంట."

అన్నాళ్లలో నేను వరసగా అన్ని మాటలు చెప్పడం అదే మొదలు. నాయిన చాలాసేపు గోడవైపే ఉన్నాడు. మేనమామ భుజం మీది తువ్వాలతో ముక్కు తుడుచుకుని, "ఎద్దులకు నీళ్లు పెట్టుండ్రి, తిరుగు బాట పట్టాలె" అన్నాడు.

అమ్మ ఆ తర్వాత కూడా నాకు తాయత్తు కట్టింది. ఊరూ ఒక్కరోజులో మారలేదు. నేను కూడా మారలేదు, మారాల్సిన పని లేదని తెలిసింది, అంతే. కొమురవ్వ పోయి చాలా ఏండ్లయింది. నాలో మిగిలింది ఆమె గొంతు. ఎక్కడికి పోయినా నా సంగతి నేనే ముందు చెప్పేస్తాను, మామూలు గొంతుతోనే.

పోయిన నెల నా తమ్ముని బిడ్డ హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి, "అత్తమ్మా, దవాఖానకు పోయినం. మా పిలగానికి ఆటిజం అంటున్నరు" అన్నది.

"ఎందుకే గుసగుస? వాడు పక్కకే ఉన్నడా?"

"ఉన్నడు."

"అది తిట్టు కాదు గద. వాని సంగతి వానికి తెల్వద్దా? సక్కగ చెప్పు."

ఈసారి తను బువ్వకు పిలిచే గొంతుతో అదే మాట మళ్లీ చెప్పింది. "ఎవరికి?" అని వాడు అడగడం నాకు వినబడింది.

"నీకే బిడ్డా."

వాడు "సరే," అన్నాడు.